కిలోన్నర తక్కువ బంగారం

నా కూతురు దొంగ అయిందని నేను పది రోజులు నమ్మాను. ఈ మాట చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గే. అయినా చెప్తాను, ఎందుకంటే ఆ జాతర నెలలో మా ఇంట్లో జరిగినదంతా ఎవరికి వారు నోరు మూసుకోవడం వల్లే జరిగింది.

మాది వరంగల్ కొత్తవాడ. నేనూ మా ఆయన పండరీ జంపఖానాలు నేస్తాం. వెడల్పు జంపఖానా అయితే మగ్గం మీద ఇద్దరం పక్కపక్కన కూర్చోవాలి. నేను అటు విసిరిన నాడెను ఆయన అందుకుని ఇటు విసరాలి. ఇద్దరి దెబ్బా ఒక్కలా పడకపోతే ఒక అంచు బిగుసుకుపోతుంది, ఇంకో అంచు వదులవుతుంది, నేసినదంతా వంకరపోతుంది. పదిహేనేళ్ళ నుంచి మా దెబ్బ ఒక్కలాగే పడుతోంది. పిల్ల పెంపకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరి దెబ్బ వారిదే.

పిల్ల పేరు సారిక. ఏడో తరగతి. సారలమ్మ పేరే అది, బడి కోసం అలా మార్చాం. మా అత్తమ్మ పోశవ్వ మాత్రం ‘సారక్కా’ అనే పిలుస్తుంది. పోయిన వానాకాలం పిల్లకు డెంగీ వచ్చి, రక్తంలో కణాలు పడిపోయి, డాక్టర్లు మా మొహాలు చూడకుండా మాట్లాడిన రోజున అత్తమ్మ దవాఖాన మెట్ల మీద కొంగు పరిచి మొక్కింది. పిల్ల లేచి నడిస్తే మేడారం జాతరలో సమ్మక్కకు దాని ఎత్తు బంగారం ఇస్తానని. బంగారమంటే బెల్లమే. ఆ తల్లి దగ్గర బెల్లాన్ని బెల్లమని ఎవరూ అనరు.

జాతరకు నెల ముందే ఒక బుధవారం బజారుకు పోయి తూయించాం. సారిక కాంటాలో కూర్చుని కాళ్ళు ముడుచుకుని ఒకటే నవ్వు. ముప్పయ్యారు కిలోలు తూగింది. షావుకారు నా ఆధార్ జిరాక్స్ తీసుకుని, ఈ బెల్లం గుడుంబా సారా కాయడానికి కాదని సంతకం పెట్టించుకున్నాడు. ఇంటికి తెచ్చి ముద్దముద్దకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి, వెదురు బుట్టలో పేర్చి, పసుపు గుడ్డ కప్పి దేవుని మూలన పెట్టాం.

“తల్లికిచ్చేదాక ఎవలు చెయ్యి పెట్టద్దు. పెడితే ఎంగిలైతది,” అంది అత్తమ్మ.

అసలు మా ఇంట్లో తీపి అన్నది అదొక్కటే. అత్తమ్మకు షుగర్ వచ్చినప్పటి నుంచి చక్కెర డబ్బా ఇంట్లో లేదు, చాయ కూడా చప్పగానే తాగుతాం. పొద్దున్నే షుగర్ గోలీ నా చేత్తో ఇచ్చి, ఆమె మింగేదాకా ఎదురుగా నిలబడేదాన్ని. అక్కడ మాత్రం నేను మహా ఖచ్చితం. గోలీ మింగాక ఆమె కంచం పట్టుకుని, “ఎండకు కూసోని తింట” అని పెరట్లోకి పోయేది. నేను మగ్గమెక్కేదాన్ని. పెరట్లో జాతరకని పెంచుతున్న కోడిపుంజు ఉండేది. ఆ నెలలో అది మాంచిగా బలిసింది. చూసి సంబరపడ్డాను కూడా, ఏం చెప్పను నా తెలివి!

ఆ రోజుల్లోనే బడిలో రాజేశ్వరి టీచర్ ఒక పని ఇచ్చింది. ఇంట్లో అందరూ ఒప్పుకున్న మాట ఒక్కటి చార్టు మీద రాసి, పెద్దవాళ్ళందరితో సంతకం పెట్టించుకుని రమ్మంది. సారిక చార్టు తెచ్చి మగ్గం ముందు పరుచుకుని కూర్చుంది.

“చెప్పుండ్రి, ఏం రాయాలె?”

“అబద్ధమాడద్దు, అని రాయి,” అన్నాను. నేను పుట్టింట్లో నేర్చుకున్నది అదొక్కటే, నా బిడ్డకు నేర్పేదీ అదే.

“అదెందుకు?” అన్నాడు పండరి, నాడె ఆపకుండానే. “ఇంట్ల ముచ్చట బయట చెప్పద్దు, అని రాయి. మొన్న నేను మీ అమ్మ లొల్లి పెట్టుకుంటె పోయి శకుంతల ఆంటీకి చెప్పినవ్. వాడకట్టంత తెలిసింది.”

“ఆంటీ అడిగింది, చెప్పిన. అబద్ధమాడద్దన్నది అమ్మనే గదా డాడీ.”

“అడిగితె నవ్వి ఊకోవాలె.”

మంచం మీద నుంచి అత్తమ్మ అందుకుంది. “గవన్ని కాదు బిడ్డా. ఇచ్చిన మాట తప్పద్దు. గంతే. మాట తప్పినోన్ని దేవుడు సుత చూడడు.”

అరగంట వాదించుకున్నాం. నేను తగ్గలేదు, ఆయన తగ్గలేదు, ఆమె అసలే తగ్గలేదు. సారిక స్కెచ్ పెన్నుకు మూత పెట్టి, చార్టు చుట్టి సజ్జ మీద పెట్టేసింది.

“మీరు ముగ్గురు ఒక్కటైనంక చెప్పుండ్రి. అప్పుడు రాస్త.”

దాని మాటకు ముగ్గురం నవ్వాం. పిల్ల మాటకారి అయిందని మురిసిపోయాం.

రెండు వారాలయ్యాక ఒక గురువారం, బంగారానికి కొత్త పసుపు పెడదామని గుడ్డ తీశాను. పైన ముద్దలన్నీ బాగానే ఉన్నాయి. అడుగున ఉన్న ముద్ద సగమే ఉంది. కత్తితో చెక్కిన గుర్తులున్నాయి. కోసిన వైపు కనబడకుండా గోడకు తిప్పి పెట్టి ఉంది. పండరిని పిలిచాను. నూలు తూచే కాంటా తెచ్చి, ముద్ద తర్వాత ముద్ద తూచి చూశాడు. ముప్పయి నాలుగున్నర.

“కిలోన్నర తక్కువ,” అన్నాడు.

“ఎలుకలైతయి,” అంది అత్తమ్మ గోడ వైపు తిరిగి.

“ఎలుకలు కత్తి పట్టుకోని వస్తయా అత్తమ్మా?”

సారిక పుస్తకంలోంచి తల ఎత్తలేదు. పుస్తకం తలకిందులుగా లేదు గానీ, పేజీ కూడా తిప్పలేదు. నాకు ఆ క్షణమే తెలిసిపోయింది. “నువ్వు తీసినవా?” అన్నాను. తీయలేదని అనలేదు, తీశానని అనలేదు. ఇంతలో పక్కింటి శకుంతల వాకిట్లోకి రావడం చూసి పండరి గబగబా గుడ్డ కప్పేశాడు. “ఇగ ఊకో, బయట పడకు,” అన్నాడు నా చెవిలో.

కానీ నా మొహం ఊరుకుంటుందా? శకుంతల అడగనే అడిగింది. ఏమీ లేదన్నాను. అబద్ధమాడొద్దని చెప్పేదాన్ని! ఆమె వెళ్తూ వెళ్తూ తనకు తోచింది అంటించి పోయింది.

“పిల్ల ఈ నడుమ మెత్తగైంది భవానీ. ఈడొస్తాంది గదా, జర ఓ కన్నేసి పెట్టు. ఎవలు ఏం మప్పుతరో ఏమో.”

అంతే, నాకు తిండి ఎక్కలేదు, నిద్ర పట్టలేదు. పిల్ల బెల్లం ఎవరికి ఇస్తోంది? ఎవరైనా బెదిరిస్తున్నారా? అమ్మవారికి మొక్కినది తీసేంత ధైర్యం పన్నెండేళ్ళ పిల్లకు ఎక్కడి నుంచి వచ్చింది? ఈ రోజు బెల్లమైతే రేపు ఏమిటి? ఆఖరికి గుడుంబా కాచేవాళ్ళ దాకా పోయింది నా మనసు. కిలోన్నర బెల్లంతో ఏం కాస్తారు, పిచ్చిదాన్ని కాకపోతే! కానీ భయానికి లెక్కలు రావు కదా. నా బిడ్డ చేయి జారిపోతోంది, అంతే నాకు తెలిసింది.

ఒక రోజు మగ్గం ఆపి, కొంగు నెత్తి మీదుగా కప్పుకుని బడి దాకా దాని వెనకే పోయాను. గేటు ఎదురుగా జిరాక్స్ దుకాణం పక్కన నక్కి, ఇంటర్వెల్లు దాకా నిలబడ్డాను. సారిక ఎవరితోనూ మాట్లాడలేదు. చెట్టు కింద ఒక్కతే కూర్చుంది. లేచి లోపలికి పోతూ తిరిగి చూసింది. నన్ను చూసింది. చేయి ఊపలేదు, దగ్గరికి రాలేదు. తల వంచుకుని క్లాసులోకి పోయింది. తనను అనుమానించి తల్లి తన వెనకే వచ్చిందని ఆ పిల్లకు అర్థమైంది.

సాయంత్రం బ్యాగు వెతికాను. దాని ముందే, అన్నీ కింద పోసి. కంపాస్ బాక్సు తెరిస్తే స్కేలు పక్కన కాగితం పొట్లం. పొట్లంలో బెల్లం ముక్క. దానికి కుంకుమ ఇంకా అంటుకునే ఉంది.

“ఇదేంది?”

“బెల్లం.”

“ఎవలికిస్తాన్నవే?”

సారిక పొట్లం వైపే చూస్తోంది.

“నోట్లె నాలుక లేదా? ఎవలికి?”

“చెప్పనమ్మా.”

“ఎందుకు చెప్పవ్?”

“అబద్ధమాడద్దన్నవ్ గదా. అందుకే చెప్తలే.”

కొట్టాను. చెంప మీద. నా అయిదు వేళ్ళూ తేలాయి. మంచం మీద అత్తమ్మ దిగ్గున లేచి, “కొట్టకే! పిల్లను కొట్టకే!” అని అరిచింది. అరిచి, ఇంకేదో అనబోయి, సారిక వైపు చూసి ఆగిపోయింది. పండరి వచ్చి వాకిలి తలుపు దగ్గరగా వేశాడు, అరుపులు బయటికి వినబడకుండా. సారిక ఏడవలేదు. పుస్తకాలన్నీ ఒకటొకటీ బ్యాగులో సర్దుకుంది.

“మీ అమ్మ అడిగితె చెప్పాలె గద బిడ్డా,” అన్నాడు పండరి.

“చెప్పద్దని ఉన్నది డాడీ,” అంది అది, అంతే.

ఎవరు చెప్పొద్దన్నారు అని ఆయన అడగలేదు. నేనూ అడగలేదు. నాకు అప్పటికే ఒళ్ళు మండిపోతోంది. బుట్టను సామాన్ల గదిగా వాడే చిన్నర్రలోకి మార్చి తాళం వేశాను. తాళంచెవి బొడ్డున దోపుకున్నాను. కంపాస్ బాక్సులో ముక్కను కూడా తీసి లోపల పెట్టాను.

రెండు రోజులకు సారిక నా దగ్గరికి వచ్చి, “అమ్మా, ఒక్క చాక్లెట్ కొనియ్యవా?” అంది. ఎప్పుడూ అడగని పిల్ల.

“దొంగలకు చాక్లెట్లు కొనియ్యరు,” అన్నాను.

ఈ ఒక్క మాట వెనక్కి తీసుకోగలిగితే ఏదైనా ఇచ్చుకుంటాను.

జాతర మూడు రోజులుందనగా ఆదివారం వచ్చింది. పొద్దున పది గంటలు. నేనూ పండరీ మగ్గం మీద ఉన్నాం. జాతరకు పోయే లోపల ఇవ్వాల్సిన జంపఖానా ఇంకో రెండడుగులు మిగిలింది. ఇద్దరం రెండు రోజులుగా మాట్లాడుకోవడం లేదు. పిల్లను గారాబం చేసి చెడగొట్టావని నేను, కొట్టి చెడగొట్టావని ఆయన. చేతులు మాత్రం అలవాటుగా ఆడుతున్నాయి.

సారిక పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది. నా ముందు నిలబడి చేయి చాపింది.

“అమ్మా, తాళంచెవి ఇయ్యి.”

“ఎందుకు?”

“ఇయ్యమ్మా. జల్ది.”

పండరి నాడె చేతిలోనే పట్టుకుని ఆగాడు. “ఎందుకో చెప్పుమను ముందుగాల. చెప్పకుంట ఇయ్యకు.”

“ఎవలికి చెప్పనని ఒట్టేసిన డాడీ,” అంది సారిక. “అమ్మకేమో అబద్ధమాడనని మాటిచ్చిన. రెండు ఒక్కసారే కుదుర్తలేవు. నన్ను తర్వాత కొట్టుండ్రి. తాళం తియ్యుండ్రి.”

దాని చేతిని చూశాను. అరచేయి తడిగా ఉంది. దానికి అన్నం మెతుకులు అంటుకున్నాయి. మొహం చూశాను. దొంగతనంలో దొరికినప్పటి భయం కాదు అది. దానికి డెంగీ వచ్చినప్పుడు అద్దంలో నా మొహం అలాగే ఉండింది.

ఎవరికి అని అడగలేదు. బొడ్డున ఉన్న తాళంచెవి తీసి దాని చేతిలో పెట్టాను.

పిల్ల ఉరికింది. మేమిద్దరం మగ్గం దిగి దాని వెనకే పోయాం. చిన్నర్ర తలుపు తీసి, సగం మిగిలిన ముద్దను నేలకేసి కొట్టి, పగిలిన ముక్కలు చెంబులో వేసి, నీళ్ళు పోసి కలుపుతూనే పెరట్లోకి పరుగెత్తింది. కోళ్ళ గూడు పక్కన గోడకు ఆనుకుని అత్తమ్మ కూర్చుని ఉంది. జనవరి చలిలో ఆమె రవికె చెమటకు తడిసి ఒంటికి అతుక్కుపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ మమ్మల్ని గుర్తుపట్టడం లేదు. “అక్కా, బస్సు పోయిందా?” అంటోంది, ఎప్పుడో చచ్చిపోయిన వాళ్ళ అక్కను. ఎదురుగా కంచం. కంచంలో నేను పొద్దున వడ్డించిన అన్నం. ఆ అన్నాన్ని కోడిపుంజు తీరిగ్గా తింటోంది.

నేనేమో కోడిని అదిలిస్తూ నిలబడ్డాను. సారిక మాత్రం బాపమ్మ తలను భుజానికి ఆనించుకుని, గడ్డం పైకెత్తి, “బాపమ్మా, ఇగో, కొంచెం మింగు. మింగినంక ఇంకొంచెం. మంచిగ మింగు,” అంటూ బెల్లం నీళ్ళు గుక్క గుక్కగా తాగించింది. అలవాటైన చేతులు. నా కూతురికి ఆ చేతులు ఎప్పుడొచ్చాయో నాకు తెలియదు.

“ఎన్నిసార్లయిందే ఇట్ల?” అన్నాను.

“ఇది ఆరోసారి. తాళమేసెదాక రోజు బడికి పోయేముందు బాపమ్మ కొంగుకు ఇంత ముక్క కట్టి పోయేదాన్ని.”

పావుగంటకు అత్తమ్మ మమ్మల్ని చూసింది. చూసి, చెంబు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేసి, అన్నీ అడిగి, మమ్మల్ని వరసగా నిలబెట్టి చీవాట్లు పెట్టింది. ఉపవాసాలు వద్దని ఎప్పుడో చెప్పిందట, నిజమే, చెప్పింది. తిండి తినకుండా గోలీ వేసుకుంటే షుగర్ మొత్తం పడిపోతుందట. ఇంకో అరగంట ఆలస్యమైతే మనిషి దక్కేది కాదంది.

“బెల్లం ఎవరిచ్చిన్రు?” అంది.

సారిక నా వెనక నక్కింది. కొడతారనుకుంది, పాపం.

“ఈ పిల్లకున్న తెలివి మీకెవ్వలకు లేకపాయె,” అంది డాక్టరమ్మ.

అత్తమ్మ మొక్కు బెల్లంతో ఆగలేదు. జాతర దాకా నెల రోజులు ఒక్కపొద్దు ఉంటానని కూడా మొక్కుకుంది. మాకు చెబితే మాన్పిస్తామని కంచం పెరట్లోకి పట్టుకుపోయి కోడికి పెట్టేది, సాయంత్రం మాత్రం తినేది. ఆ ఖాళీ కడుపు మీద రోజూ పొద్దున్నే గోలీ మింగించింది ఎవరు? నేను. ఎదురుగా నిలబడి, నోరు తెరిపించి చూసి మరీ.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక అత్తమ్మ మంచం మీద, మేం ముగ్గురం కింద కూర్చున్నాం. పండరే మొదలుపెట్టాడు.

“పసిపిల్లతోని ఒట్టేయించుకున్నవా అమ్మా? నీకేమన్నయితే అది బతికినన్నాళ్ళు ఏమనుకునేది?”

“దాని పానం కాడ మొక్కిన మొక్కు గదరా. సగంల ఆపితే దానికేమైతదో అని నా భయం,” అంది అత్తమ్మ. తర్వాత గొంతు తగ్గించింది. “నా ముందట్నే దాన్ని కొట్టింది భవాని. సూసుకుంట ఊకున్న. ఆ రాత్రంత చెప్దామనుకున్న, నోరు రాలే.”

“నీకు తీపి పెట్టాలెనని దీనికి ఎవరు చెప్పిండ్రు?” అన్నాను.

“సిస్టరమ్మ చెప్పింది,” అంది సారిక. “పోయినసారి దవాఖానకు పోయినప్పుడు. కండ్లు తిరిగి చెమటలొస్తె ఎంటనే తీపి పెట్టుమన్నది. నువ్వు సుత ఉన్నవమ్మా అక్కడ. ఫోన్ల మాట్లాడుతాన్నవ్.”

నేను తల దించుకున్నాను.

“మరి తాళమేసినంక శకుంతల ఆంటీనన్న ఇంత చక్కెర అడగకపోయినవా?” అన్నాడు పండరి.

“ఎందుకని అడుగుతది గదా. ఇంట్ల ముచ్చట బయట చెప్పద్దన్నవ్.”

ఆయనా తల దించుకున్నాడు. అప్పుడు ఏడిచింది సారిక. చెంప దెబ్బకు ఏడవనిది, అప్పుడు వెక్కి వెక్కి ఏడిచింది. “అబద్ధమాడద్దు అంటది అమ్మ. బయట చెప్పద్దు అంటవ్ నువ్వు. మాట తప్పద్దు అంటది బాపమ్మ. మూడు పట్టుకోని నేను ఎటు పోవాలె? మీకు ఎవలకు వాళ్ళకు ఒక్కటే, నాకు మూడున్నయి.”

దాన్ని దగ్గరికి లాక్కున్నాను. “తప్పయింది బిడ్డా,” అన్నాను. నా జన్మలో పిల్లకు ఆ మాట చెప్పడం అదే మొదలు. మా అమ్మ నాకు ఎన్నడూ చెప్పలేదు, చెప్పవచ్చని కూడా నాకు తెలియదు.

పండరి లేచి సజ్జ మీది చార్టు తీసి, దుమ్ము దులిపి నేల మీద పరిచాడు. “ఇగ రాద్దాం పట్టు. పానం మీదికొచ్చే ముచ్చట ఈ ఇంట్ల దాచుడు లేదు. ఎవలు ఒట్టు పెట్టిచ్చుకున్నా సరే.”

“దేవుని మీద ఒట్టయితే?” అంది అత్తమ్మ.

సారిక ముక్కు తుడుచుకుంటూ బాపమ్మనే చూస్తోంది. ఆమె చాలాసేపు మనవరాలి చెంప వైపు చూసింది.

“సరే,” అంది చివరికి. “దేవుని మీద ఒట్టయినా.”

“బయటోళ్ళతోని చెప్పాల్సొస్తే?” అని నేను మా ఆయనను అడిగాను.

“చెప్పాల్నే,” అన్నాడు ఆయన, అయిష్టంగానే. “పానం కంటె ఎక్కువనా?”

“నాదొకటి,” అంది సారిక. “చెప్తె కొట్టద్దు.”

ముగ్గురూ నా వైపే చూశారు. ఒక్క క్షణం నాకు రోషం వచ్చింది. తల్లినన్న మాట, కొట్టకుండా ఎట్లా పెంచుతారన్న మాట నోటి చివరి దాకా వచ్చింది. దాన్ని మింగి, సరేనన్నాను. సారిక రాసింది. ‘పానం మీదికొచ్చే ముచ్చట దాచద్దు. చెప్తె కొట్టద్దు.’ మేం మాట్లాడిన మాటలే రాసింది, బడి తెలుగులోకి మార్చలేదు. ముగ్గురం సంతకం పెట్టాం. అత్తమ్మ అక్షరం అక్షరం కూడబలుక్కుని ‘పోశవ్వ’ అని రాసేసరికి చాయ చల్లారిపోయింది.

బంగారం సంగతి మిగిలింది. తక్కువ పడ్డ బెల్లం కొత్తది తెచ్చి కలిపేద్దామన్నాడు పండరి. ఎవరికి తెలుస్తుంది? నేనూ అదే అనబోయాను. అత్తమ్మ వద్దంది.

“ఆ కిలోన్నర తల్లి నాకే పెట్టింది. మళ్ళ నింపి ఏమని చెప్తవ్, అసలే తక్కువ కాలేదనా? ఉన్నదే పట్టుకపోదాం.”

“మొక్కు తప్పుతది గద అత్తమ్మా?”

“అది నేను చూసుకుంట తియ్యి.”

హన్మకొండ నుంచి జాతర బస్సెక్కాం. దారి పొడుగునా సారిక బాపమ్మ పక్కనే కూర్చుని, రెండు గంటలకోసారి టిఫిను డబ్బా తెరిచి, “తిను. మింగినవా? ఏదీ, నోరు తెరువు,” అంటుంటే బస్సులో వాళ్ళంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. దేవతకు ఎత్తు బంగారమని మొక్కి, తక్కువ పట్టుకుపోతున్నాం. ఏ పిల్ల కోసం మొక్కామో ఆ పిల్ల ఎదురుగానే ఉంది. నాకు ఎక్కడో లోపల ఇంకా భయమే. పోయిన వానాకాలంలో దవాఖాన మెట్లు నేను మరిచిపోలేదు మరి.

జంపన్న వాగులో మునిగి, తడి బట్టలతోనే జనంలో పడ్డాం. దుమ్ము, డప్పులు, పూనకాలు, మైకుల్లో తప్పిపోయిన పిల్లల పేర్లు. సారిక చేయి నా చేతిలోంచి జారకుండా వేళ్ళు పెనవేసి పట్టుకున్నాను. పండరి బంగారం నెత్తిన పెట్టుకుని ముందు నడుస్తున్నాడు. సమ్మక్క గద్దె దగ్గరికి చేరేసరికి వెనక నుంచి తోపులాట. ఒక వలంటీరు ఈల ఊదుతూ, “నడువుండ్రి, నడువుండ్రి, ఆగద్దు” అంటున్నాడు. పండరి ముద్దలు ఒకటొకటీ లోపలికి అందించాడు. అయిపోయాయి. నడవాలి.

అత్తమ్మ నడవలేదు. కటకటాలు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

“తల్లీ సమ్మక్కా!” అని ఎలుగెత్తింది. ఇంట్లో ఎప్పుడూ వినని గొంతు అది. “కిలోన్నర తక్కువున్నది. ఎలుకలు తినలే, దొంగలు కొట్టలే. నేనే తిన్న. నా మనవరాలు పెట్టింది, తిన్న, బతికిన. నీకిచ్చిన ఒక్కపొద్దు మాట సుత తప్పిన. పిల్లను దొంగ అని కొడ్తాంటె మంచంల కూసోని సూసిన. తప్పంత నాది, పిల్లది కాదు. అడిగేదుంటె నన్నడుగు.”

చుట్టూ జనం తిరిగి చూశారు. వలంటీరు ఈల ఆపాడు. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పండరి మొహం నాకన్నా ఎర్రబడింది, ఇంటి ముచ్చట బయట చెప్పొద్దనే మనిషి కదా. కానీ ఆయన ఆమె చేయి పట్టి లాగలేదు.

మొహం నిండా పసుపు పూసుకున్న ఒక ఆవిడ మా పక్కనే నిలబడి బుగ్గలు నొక్కుకుంది. “అయ్యో అవ్వా, అంత గట్టిగ చెప్తరా ఎక్కడన్న? మనసుల చెప్పుకోవాలె గని.”

అత్తమ్మ కటకటాలు వదిలి, కొంగుతో మొహం తుడుచుకుని, ఆవిడ వైపు తిరిగింది.

“మనసుల చెప్పుకునుడు మా ఇంట్ల బందయింది బిడ్డా,” అంది.

సారిక నా చేయి వదిలించుకుని పోయి ఆమె నడుము చుట్టూ చేయి వేసింది.

“బాపమ్మా, నడువు. నువ్వు తిని రెండు గంటలు దాటింది.”